కొండల్లేని చోట ల్యాండ్‌స్కేప్!

యూట్యూబ్‌లో ల్యాండ్‌స్కేప్ ఫొటోగ్రఫీ అని కొట్టి చూడండి. మంచుకొండలు, లోయలు, జలపాతాలు వరసగా వచ్చేస్తాయి. మనవాళ్ళు కూడా కెమెరా కొన్న వారానికే అరకో లంబసింగో బయల్దేరతారు. ఒక్కరోజు తిరిగి, అందరూ నిలబడ్డ వ్యూ పాయింట్‌లోనే నిలబడి, అందరూ తీసిన ఫొటోనే తీసుకుని వస్తారు. మీరు ఆకివీడు, కైకలూరు, ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల చదువుకుంటుంటే అంత దూరం వెళ్ళక్కర్లేదు. కొల్లేరు మీ పక్కనే ఉంది. బస్సు టికెట్టు డబ్బులతో పదిసార్లు వెళ్ళి రావచ్చు. ఈ పనిలో అసలు లాభం ఆ ‘పదిసార్లు’లోనే ఉంది.

రెజ్యూమెలో ‘హాబీ: ఫొటోగ్రఫీ’ అని రాసేవాళ్ళకు లెక్కలేదు. ఏదీ చూపించమంటే ఇన్‌స్టా తెరిచి సూర్యాస్తమయాలు చూపిస్తారు. అది ఎవరికీ గుర్తుండదు. ఒకే చోట ఏడాదిపాటు తీసిన 12 ఫొటోలు చూపిస్తే మాత్రం ఎదుటివాళ్ళు ఆగుతారు. ఓపిక, ప్లానింగ్, ఎడిటింగ్ మూడూ వాటిలో కనిపిస్తాయి కాబట్టి.

గోల్డెన్ అవర్ గంట కాదు

కొల్లేరులో కొండ ఒక్కటీ లేదు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు లాంటి వాగులు తెచ్చిన నీళ్ళు అందులో చేరి ఉప్పుటేరు దారిన సముద్రంలో కలుస్తాయి. ఫొటోకి దొరికేది నీళ్ళు, ఆకాశం, మధ్యలో సన్నటి గీత. వస్తువు ఇంత తక్కువగా ఉన్న చోట ఫొటోని నిలబెట్టాల్సింది వెలుతురే.

ఇక్కడో తిరకాసు ఉంది. విదేశీ వీడియోల్లో ‘గోల్డెన్ అవర్’ అని చెప్పేది మన దగ్గర గంట ఉండదు. ఐరోపాలో సూర్యుడు ఏటవాలుగా, నింపాదిగా ఎక్కుతాడు. మనం 16 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాం కాబట్టి దాదాపు నిటారుగా లేచిపోతాడు. అంచు నుంచి 6 డిగ్రీల ఎత్తుకి రావడానికి అరగంట కూడా పట్టదు. డిసెంబరులో ఇక్కడ సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో అవుతుంది. ఏడింటికి తీరిగ్గా వెళ్తే మెత్తటి వెలుతురు అప్పటికే అయిపోయి ఉంటుంది. ఆరింటికల్లా గట్టు మీద ఉండాలి. సూర్యుడు రాకముందు ఓ ఇరవై నిమిషాలు నీలంగా, నీడల్లేని వెలుతురు ఉంటుంది. నా లెక్కలో కొల్లేరుకి అదే అన్నిటికన్నా మంచి సమయం. నీళ్ళు కదలవు, ఆకాశానికీ నీటికీ వెలుగులో పెద్ద తేడా ఉండదు, ఫోను సెన్సర్ కూడా తట్టుకోగలదు.

సూర్యుడు లేచే చోటు కూడా ఏడాదంతా జరుగుతూ ఉంటుంది. డిసెంబరులో సరిగ్గా తూర్పు నుంచి సుమారు 24 డిగ్రీలు దక్షిణానికి, జూన్‌లో అంతే ఉత్తరానికి. డిసెంబరులో తాటిచెట్ల వెనక లేచిన సూర్యుడు జూన్‌లో వంతెన అవతల లేస్తాడన్నమాట. ఇది అరకులో ఒక్కరోజు తిరిగినవాళ్ళకి దొరకని సమాచారం. సూర్యుడి దిశ చూపించే యాప్‌లు ఫోన్‌లో ఉచితంగానే ఉంటాయి. ముందురోజు రాత్రి ఇంట్లోనే చూసుకుని వెళ్ళండి.

నీటి సంగతీ అంతే. వర్షాలయ్యాక సరస్సు నిండుగా ఉంటుంది, ఎండాకాలానికి చాలా భాగం నెర్రెలిచ్చిన నేలవుతుంది. వరదల రోజుల్లో పెదఎడ్లగాడి దగ్గర నీటిమట్టం ఎంతో జిల్లా పేజీల్లో వస్తుంటుంది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీళ్ళు కూడా చివరికి చేరింది ఇక్కడికే. ఆ అంకె పెరుగుతోందంటే ఫొటోల సరదా పక్కనపెట్టండి. తగ్గిన రెండు మూడు వారాలకు వెళ్తే అద్దంలాంటి నీళ్ళు దొరుకుతాయి.

మోకాలెత్తు, వంతెనెత్తు

చదునైన నేల మీద నిలబడి కంటి ఎత్తులో తీస్తే సరస్సు మొత్తం ఒక పలచటి పట్టీలా వస్తుంది. ‘అక్కడ చాలా బావుంది, ఫొటోలో ఏమీ రాలేదు’ అని మీరు అనుకోవడానికి చాలాసార్లు కారణం ఇదే. దీనికి రెండు మందులున్నాయి. ఒకటి, బాగా కిందకి దిగడం. కెమెరాను మోకాలికన్నా తక్కువ ఎత్తులో, నీటి అంచుకి దగ్గరగా పెట్టండి. ముందు భాగంలో ఒక దోనె ముక్కో, కిక్కిస దుబ్బో, గుర్రపుడెక్క పువ్వో పెద్దదిగా వస్తుంది. దూరంగా ఉన్న చెట్ల వరసకి అప్పుడు కొలత దొరుకుతుంది. రెండోది, నాలుగడుగులైనా పైకెక్కడం. ఉప్పుటేరు మీది వంతెనలు, ఏలూరు–కైకలూరు రోడ్డు కల్వర్టులు, చెరువు గట్లు ఇందుకు పనికొస్తాయి. పైనుంచి చూస్తే గట్లు గీతల్లా విడిపోయి చూపుని లోపలికి తీసుకెళ్తాయి. రోడ్డు వంతెన మీదైతే వాహనాల సంగతి చూసుకోండి. రైలు వంతెన జోలికి మాత్రం అస్సలు వెళ్ళొద్దు.

దగ్గరి పువ్వూ, దూరపు చెట్లూ రెండూ స్పష్టంగా రావాలంటే? చాలామంది దగ్గర ఉండే ఏపీఎస్-సీ కెమెరా, 18-55 కిట్ లెన్సుతోనే చెబుతా. 18 మి.మీ. దగ్గర పెట్టి, అపర్చర్ ఎఫ్/8 ఉంచి, 2 మీటర్ల దూరంలోని వస్తువు మీద ఫోకస్ చేయండి. సుమారు మీటరు దూరం నుంచి కనుచూపు మేర వరకు స్పష్టంగానే వస్తుంది. ఇంకా బాగా వస్తుందని ఎఫ్/22కి తిప్పకండి. చిన్న రంధ్రం గుండా వెళ్ళేటప్పుడు కాంతి చెదిరి ఫొటో మొత్తం మెత్తబడుతుంది. ఫిజిక్స్‌లో చదివిన డిఫ్రాక్షన్ ఇదే, పరీక్ష తర్వాత మర్చిపోయి ఉంటారు.

ఫోను ఉన్నవాళ్ళు ముందు లెన్సు తుడవండి. నవ్వకండి, జేబులోంచి తీసిన ఫోను లెన్సు మీద వేలిముద్ర లేకపోతే అది వింతే. గ్రిడ్ ఆన్ చేయండి. నీటి అంచు ఒక్క డిగ్రీ వంగినా సరస్సు కారిపోతున్నట్టు ఉంటుంది. తెర మీద ఆకాశాన్ని నొక్కి పట్టుకుని, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం కిందకి జరపండి. మబ్బుల వివరం నిలుస్తుంది. ప్రో మోడ్‌లో రా అనే ఆప్షన్ ఉంటే దాన్నే వాడండి. డిజిటల్ జూమ్ వద్దు, నాలుగడుగులు నడవడం మేలు.

డిసెంబరు, జనవరి పొగమంచులో కెమెరా మీటరు మోసపోతుంది. తెల్లటి పొగని బూడిదరంగు అనుకుని ఫొటోని నల్లగా తీస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని ప్లస్ ఒకటి వరకు పెంచండి. ఏసీ గదిలోంచి కెమెరాను నేరుగా తెల్లవారుజాము తేమలోకి తెస్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది. ఓ పావుగంట ముందే బయటపెట్టి సంచిలోనే ఉంచండి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా సాయంత్రాలు మబ్బులు అద్భుతంగా ఉంటాయి. కానీ ఉరుము వినబడిందంటే ట్రైపాడ్ మడిచేయండి. బయలు గట్టు మీద ఎత్తుగా ఉండేది మీరూ తాటిచెట్టే. పిడుగుకి ఇద్దరూ ఒకటే.

అడిగి తీయండి

గట్లు చాలావరకు ఎవరివో ఒకరి చేపల చెరువులవి. కాపలా ఉన్న పెద్దాయనతో ‘బాబాయ్‌గారూ, గట్టు మీంచి రెండు ఫొటోలు తీసుకుంటామండి’ అంటే కాదనేవాళ్ళు అరుదు. పైగా పట్టుబడి ఎప్పుడో, పక్షులు ఎటు వాలుతున్నాయో ఆయనకి తెలిసినంత ఏ యాప్‌కీ తెలియదు. అడక్కుండా దిగితే దొంగలనుకుంటారు, అందులో ఆయన తప్పేం లేదు.

అభయారణ్యం పరిధిలో విషయం వేరు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అభయారణ్యంలోకి ఫొటోగ్రఫీ కోసం వెళ్ళడానికి అటవీశాఖ అనుమతి అవసరం. కైకలూరు పక్కనున్న ఆటపాకలో సందర్శకుల కోసం ఏర్పాట్లు ఉన్నాయి. గూడబాతులు, అదే పెలికాన్లు, గూళ్ళు పెట్టుకోవడానికి అక్కడ ఇనుప స్టాండ్లు కూడా అమర్చారు. గూళ్ళ సీజన్‌లో దగ్గరికి వెళ్ళి పక్షుల్ని లేపి ‘ఫ్లయింగ్ షాట్’ తీసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తల్లి లేచిపోతే గుడ్లూ పిల్లలూ ఎండకి, కాకులకి దొరికిపోతాయి. డ్రోన్ గురించయితే అడగనే వద్దు. 250 గ్రాముల్లోపు డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదన్నంత మాత్రాన అభయారణ్యంపై ఎగరేయొచ్చని కాదు.

ఎడిటింగ్: ఎక్కడ ఆగాలి?

జేపెగ్ ఫైల్‌లో ఒక్కో రంగుకీ 256 మెట్లు ఉంటాయి. 12-బిట్ రా ఫైల్‌లో 4096. తెల్లవారుజాము ఆకాశం నీలం నుంచి నారింజలోకి చాలా మెల్లగా మారుతుంది. జేపెగ్‌ని లాగి సాగదీస్తే ఆ మార్పు చారలు చారలుగా విరిగిపోతుంది. రా తీయమనేది అందుకే. ఈసీఈ, సీఎస్ఈ వాళ్ళకు ఇమేజ్ ప్రాసెసింగ్‌లో చెప్పిన హిస్టోగ్రామ్ ఇక్కడ కెమెరా వెనకే కనబడుతుంది. కుడి గోడకి గుద్దుకుంటే ఆకాశం పోయినట్టే, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు.

సాఫ్ట్‌వేర్‌కి డబ్బులు పెట్టక్కర్లేదు. ఫోన్లో స్నాప్‌సీడ్, కంప్యూటర్లో డార్క్‌టేబుల్ రెండూ ఉచితం. ముందు నీటి గీత సరిచేయండి. తర్వాత వైట్ బ్యాలెన్స్. ఆటో నొక్కితే ఉదయపు నీలాన్ని ‘తప్పు’ అనుకుని తెల్లగా మార్చేస్తుంది, అక్కడ మీ జ్ఞాపకాన్నే నమ్మండి. హైలైట్స్ తగ్గించండి, షాడోస్ కొంచెమే పెంచండి. దోనె కింద నీడ నీడలాగే ఉండాలి. డీహేజ్, శాచురేషన్ స్లైడర్లు మాత్రం ఉప్పులాంటివి. పొగమంచు కోసం తెల్లవారుజామున లేచి వెళ్ళి, ఇంటికొచ్చి డీహేజ్‌తో దాన్ని తుడిచేసేవాళ్ళని ఏమనాలి? పని అయ్యాక ఫైల్ మూసేసి, మర్నాడు మళ్ళీ తెరవండి. రాత్రి బాగుందనిపించిన రంగులు పొద్దున చూస్తే సగం తగ్గించాలనిపిస్తుంది.

ఎడిటింగే మోసం అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ సంగతి చెప్పండి. న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయాన్ని ఆయన 1941లో తీశారు. ఆ ఒక్క నెగెటివ్ నుంచి దశాబ్దాలపాటు ప్రింట్లు వేస్తూ, పోనుపోను ఆకాశాన్ని మరింత నల్లగా చేసుకుంటూ వచ్చారు. కానీ లేని చంద్రుణ్ని తెచ్చి పెట్టలేదు.

కొల్లేరులో ఈ గీత ఇంకా ముఖ్యం. ఫ్రేములో ఏరేటర్ల చక్రాలు, కరెంటు స్తంభాలు, చెరువు గట్లు వస్తాయి. క్లోన్ టూల్‌తో నాలుగు నిమిషాల్లో తీసేయొచ్చు, ఏఐ టూల్‌తో నాలుగు సెకన్లలో. తీసేస్తే వచ్చేది మచ్చలేని సరస్సు. అలాంటి సరస్సు అక్కడ లేదు. 5వ కాంటూరు వరకు 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో అందులోని చెరువు గట్లు తెగ్గొట్టారు. చెరువుల మీద బతికే కుటుంబాలు ఒకవైపు, పక్షులూ నీటి దారీ ఒకవైపు. ఆ పేచీ ఇప్పటికీ ఉంది. గట్టుని చెరిపేసిన ఫొటో ఆ పేచీని కూడా చెరిపేస్తుంది. సెన్సర్ మీది దుమ్ము మచ్చ తీయండి, ఎగిరొచ్చిన ప్లాస్టిక్ కవరు ఉంటే క్లిక్ చేయకముందే చేత్తో తీయండి. నేల మీద నాటుకుని ఉన్నదాన్ని మాత్రం ఉండనివ్వండి. ఏరేటర్ చిమ్మే నీళ్ళ మీద తొలి ఎండ పడినప్పుడు చూశారా? దాన్ని ఎందుకు తీసేయాలో నాకైతే అర్థం కాదు.

ఉద్యోగానికి ఏం పనికొస్తుంది?

ఉన్నమాట చెప్పుకుందాం. ల్యాండ్‌స్కేప్‌లు అమ్ముకుని మాత్రమే బతికేవాళ్ళు ఎక్కడైనా కొద్దిమందే. కానీ ఈ సాధనలో వచ్చే ఎడిటింగ్ చేతివాటానికి పని దొరుకుతుంది. పెళ్ళి స్టూడియోల్లో కలర్ కరెక్షన్, ఈ-కామర్స్ ప్రొడక్టు ఫొటోలు, రియల్ ఎస్టేట్, హోటళ్ళ వెబ్‌సైట్లు, పత్రికల ఫొటో డెస్కులు. పద్ధతిగా చదవాలనుకునే ఇంటర్ విద్యార్థులకు హైదరాబాద్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో ఫొటోగ్రఫీలో బీఎఫ్ఏ ఉంది, ప్రవేశ పరీక్ష రాయాలి.

ఇంటర్వ్యూకి వెళ్ళేటప్పుడు పూర్తయిన ఫొటోతో పాటు రా ఫైల్ కూడా లాప్‌టాప్‌లో ఉంచుకోండి. ‘వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్’ లాంటి పోటీల్లోనే తుది వడపోతకి వచ్చినవాళ్ళని అసలు ఫైల్ అడుగుతారు. ఏఐ బొమ్మలు ఇంత తేలిగ్గా తయారవుతున్న రోజుల్లో ‘ఇది నిజంగా నువ్వే తీశావా?’ అని మిమ్మల్ని అడగకుండా ఉంటారా? పక్కపక్కన ముందు-తర్వాత తెరిచి, ఏ మార్పు ఎందుకు చేశారో రెండు నిమిషాలు చెప్పగలిగితే చాలు.

ఫొటో కింద శీర్షిక కూడా మీరే రాయండి. ‘ప్రకృతి ఒడిలో’, ‘ఓ అందమైన ఉదయం’ లాంటివి వద్దు. చోటు, నెల, సమయం, ఏం జరుగుతోంది, ఇంతే. ఉదాహరణకి: ‘ఉప్పుటేరు, ఆకివీడు వైపు గట్టు. డిసెంబరు, ఉదయం 6.20. గుర్రపుడెక్క దిగువకి కొట్టుకుపోతోంది. వెనక కనిపించేవి చేపల చెరువులు.’