చెట్టుపాలు పూసిన జపాన్ కలాలు

ఎబొనైట్ కలం ఎండకు వెలిసిపోతుంది. రాజమండ్రి పెన్ను వాడినవారికి ఇది కొత్త కాదు. జపాన్‌లో 1918లో మొదలైన నమికి కంపెనీకీ ఇదే చిక్కు వచ్చింది. విరుగుడుగా కలానికి ఉరుషి పూశారు. ఇది మన ఏటికొప్పాక బొమ్మల లక్క కాదు. లక్క పురుగు ఇచ్చేది, ఉరుషి చెట్టు కార్చే పాలు. పచ్చిగా ఒంటికి తగిలితే దద్దుర్లే. చిత్రమేమిటంటే, అది గట్టిపడాలంటే గాలిలో తేమ ఉండాలి!

తడి ఉరుషితో బొమ్మ గీసి, దానిపై బంగారు పొడి చల్లుతారు. మళ్లీ పూత, బొగ్గుతో నునుపు, మళ్లీ పూత. మేలురకం కలానికి నెలలు పడుతుంది. 1930లో లండన్‌లోని డన్‌హిల్ కంపెనీ వీటిని అమ్మడానికి ఒప్పందం చేసుకుంది.

పది పదిహేనేళ్లు పెంచిన చెట్టు ఒక్క కారులో ఇచ్చేది సుమారు 200 గ్రాముల పాలే. ఆపై దాన్ని నరికేస్తారు. నేడు జపాన్ వాడే ఉరుషిలో అధికభాగం చైనా నుంచి వస్తున్నదే.