గుల్ల అంచున ఒక చుక్క

పడవను గట్టునకు లాగినపుడు, దాని అడుగున గట్టిగా అంటుకొనియున్న గుల్లలను మీలో కొందరు చూచియే యుందురు. వానిని నత్తల జాతిగా తలచుట సహజము. కాని అవి రొయ్యకును పీతకును దాయాదులు. ఇంగ్లీషున వానిని బార్నకిల్ అందురు.

వీనిలో కాడతో నుండు తెగకు పెద్దబాతు బార్నకిల్ అని పేరు. చలికాలమున ఉత్తర ఐరోపాకు వచ్చు ఒక జాతి పెద్దబాతుల గూళ్ళను అక్కడివా రెన్నడును చూడలేదు. అవి ధ్రువప్రాంతమున గ్రుడ్లు పెట్టునని ఎరుగక, ఈ గుల్లలనుండియే పుట్టుచున్నవని శతాబ్దాల తరబడి నమ్మిరి.

ఈ తెగలో స్కాల్పెల్లమ్ అను చిన్నప్రాణి కలదు. రెండంగుళములకు మించదు. బ్రిటన్, నార్వే తీరములకు ఆవల, అలల తాకిడి లేని లోతునీట, మొక్కలవలె కనిపించు హైడ్రాయిడ్లను అంటిపెట్టుకొని జీవించును. పిల్లగా నున్నపుడు స్వేచ్ఛగా ఈదును. చోటు కుదిరిన పిమ్మట తలను అచట అతికించుకొని, జీవితాంతము తలక్రిందులుగా నిలిచి, 6 జతల కాళ్ళతో ఆహారమును నోటిలోనికి త్రోసికొనును.

చార్లెస్ డార్విన్ 1846 నుండి 1854 వరకు ఈ గుల్లలనే పరిశోధించెను. స్కాల్పెల్లమ్ గుల్ల అంచున, చిన్న మడతలలో, కొన్ని చుక్కలు ఆయనకు కనిపించెను. ఒక్కొక్కటి మిల్లీమీటరైనను లేదు. బంధువైన ఇబ్లాలో ఇట్టివానిని ఆయన మొదట పరాన్నజీవులని తలచెను. తుదకు తేలిన దేమనగా, అవి ఆ జాతి మగప్రాణులే! స్కాల్పెల్లమ్ మగదానికి నోరు లేదు, జీర్ణాశయము లేదు. బీజకణములను అందించుటయే దాని పని.

విచిత్రమేమనగా, వానిని మోయు పెద్దప్రాణి స్త్రీపురుషావయవములు రెండును కలది. అట్టిదానికి మగవాని అవసరమేమి? లోతునీట పొరుగు ప్రాణులు అరుదు. జత దొరకునో లేదో తెలియని చోట, వెంటనే యుండు చిన్న మగప్రాణి సంతానమునకు భరోసా. ఉభయలింగ జాతి మెల్లమెల్లగా ఆడ, మగ జాతిగా మారుటలో ఇది నడిమి మెట్టని డార్విన్ గ్రహించెను. జీవజాతులు మార్పు చెందునను ఆయన విశ్వాసమునకు ఇది బలమిచ్చెను. 1859లో ఆ సిద్ధాంతము గ్రంథరూపమున వెలువడెను.

గుల్లను కడుగుచు ఆ చుక్కను మురికియని తుడిచివేసియుండిన, ఈ సాక్ష్యము ఆయన చేతికి అందకపోయెడిది.