రేకు బాగుంటే సగం కారు బాగున్నట్టే

పెద్దాపురం, సామర్లకోట చుట్టుపక్కల రైసుమిల్లు వసారాల్లోనో, కొబ్బరితోట షెడ్లలోనో టార్పాలిన్ కప్పుకుని నిలబడిపోయిన అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు ఇంకా కంటపడతాయి. అలాంటిదొకటి కొని బాగుచేయించి మళ్లీ రోడ్డెక్కించాలన్న కోరిక చాలామందికి ఉంటుంది. చాలా మంచి కోరిక. కాకపోతే డబ్బు, శ్రమ దక్కేదీ పోయేదీ కారు ఎంచుకున్న రోజే తేలిపోతుంది. ఆ ఎంపికకు పనికొచ్చే విశేషాలు ఇవి.

అంబాసిడర్ పుట్టిల్లు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా. హౌరాలో లోకల్ రైలెక్కితే నాలుగైదు స్టేషన్లకే వచ్చే ఊరు. హిందుస్థాన్ మోటార్స్ 1957లో మొదలుపెట్టిన ఈ కారు తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. స్టాండర్డ్ హెరాల్డ్ 1961 నుంచి మద్రాసులో తయారైంది. పాత కార్ల సామాను దొరికే పేరున్న బజార్లు కూడా ఆ రెండు వైపులా ఉన్నాయి: కోల్‌కతాలో మల్లిక్ బజార్, చెన్నైలో పుదుపేట. ఈ రెంటినీ కలిపే హౌరా-చెన్నై మెయిన్ లైను మీదే మన సామర్లకోట ఉంది. ఆ దారిలోనే విజయవాడ, అక్కడ ఆటోనగర్. పాత కారు బాగుచేసుకునేవాడికి ఇంతకంటే కలిసొచ్చే చోటు ఆంధ్రదేశంలో తక్కువ. పద్మినికి మాత్రం బొంబాయి వైపు చూడాలి. కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారుచేసిన బండి అది. అక్కడి నలుపు పసుపు ట్యాక్సీలుగా తిరిగిన పద్మినీల్లో చివరిది 2023 అక్టోబరులో సెలవు తీసుకుంది. ట్యాక్సీలు నడిచినన్నాళ్లూ వాటి సామానుకి గిరాకీ ఉండేది. ఇకమీదట ఆ సరుకు తగ్గుతుందనే అనుకోవాలి.

మొదటిసారి ఈ పనికి దిగేవాళ్లకి నేనైతే అంబాసిడరే తీసుకోమంటాను. దాని ఇంజిను దింపి ఎక్కించిన మెకానిక్కులు, తలుపులు సాపు చేసిన టింకరింగు మేస్త్రీలు కాకినాడలోనూ రాజమండ్రిలోనూ ఇంకా ఉన్నారు. వాళ్ల చేతిలో ఆ పని ఉండగానే చేయించుకోవాలి.

అంబాసిడర్ ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీకి మన దేశపు రూపం. 1959 నుంచి చాలా ఏళ్లపాటు దీన్ని లాగిన 1489 సీసీ పెట్రోలు ఇంజిను, 1955లో వచ్చిన ఎంజీఏ అనే అందాల స్పోర్ట్స్ కారు ఇంజిను ఒకే కుటుంబానివి. రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి సిరీస్‌కి చెందినవే. ఎంజీ కార్ల అభిమానులు ప్రపంచమంతటా ఉన్నారు కాబట్టి ఈ ఇంజిను గురించిన విజ్ఞానం ఎక్కడా అంతరించిపోలేదు.

అంబాసిడర్ మార్క్ వన్, మార్క్ టూ అంటూ వరసగా వచ్చింది. ఏ మార్కో పోల్చుకోవాలంటే ముఖం చూడాలి. మార్క్ టూ గ్రిల్లుకి గళ్లు ఉంటాయి. 1975లో వచ్చిన మార్క్ త్రీకి అడ్డపట్టీలు. 1979 చివర్లో వచ్చిన మార్క్ ఫోర్‌కి గ్రిల్లు చిన్నదై, నలుచదరపు పార్కింగు లైట్లు వచ్చాయి. ఆ మార్క్ ఫోర్‌లోనే 1980లో డీజిల్ అంబాసిడర్ వచ్చింది. మన దేశంలో తయారైన మొదటి డీజిల్ కారు అదే. 1990ల మొదట్లో వచ్చిన 1800 ఐఎస్‌జెడ్‌కి ఇసుజు ఇంజిను, ఐదు గేర్లు. నడపడానికి హాయైనది అది, చూడటానికి ముచ్చటైనది మార్క్ టూ. ఏది కావాలో ముందే తేల్చుకుంటే సగం తిరుగుడు తప్పుతుంది.

కొనడానికి వెళ్లినవాళ్లు ముందు బానెట్ ఎత్తి ఇంజిను చూస్తారు. అనుభవమున్న మెకానిక్ ముందు నేలమీద కూర్చుని, తలుపుల కింద పొడుగునా ఉండే పెట్టెలాంటి రేకుని వేలితో తట్టి చూస్తాడు. అంబాసిడర్‌కీ పద్మినికీ విడిగా చాసిస్ ఉండదు. బాడీయే అస్థిపంజరం. తలుపుల కింది ఆ రేకు తుప్పుపడితే కారు నడుము వంగిపోయినట్టే. అది తెలుసుకునే పద్ధతి ఒకటుంది. కారుని ఒక పక్క జాకీతో ఎత్తి, అదే పక్క తలుపు తెరిచి వేయాలి. మామూలుగా తెరుచుకుని మూసుకుంటే బాడీలో సత్తువ ఉంది. తలుపు పట్టేసినా, చేత్తో పైకెత్తి వేయాల్సి వచ్చినా బేరం అక్కడితో ఆపడం మేలు.

రంగు కొత్తగా మెరుస్తుంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. తుప్పు తినేసిన చోట రేకు మార్చకుండా లప్పం దట్టించి పైన రంగు కొట్టేస్తారు. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి చక్రాల పైఅంచుల మీద, తలుపుల అడుగున, డిక్కీ నేల మీద మెల్లగా జరుపుతూ పోవాలి. రేకున్న చోట చేతిని లాగుతుంది. లప్పం మందంగా ఉన్న చోట పట్టు వదిలేసి జారిపోతుంది. అక్కడ కణుపుతో తట్టి వినండి. రేకైతే ఖంగుమంటుంది, లప్పమైతే మొద్దుగా పలుకుతుంది. డిక్కీ మ్యాటు, కాళ్ల కింద మ్యాట్లు ఎత్తి చూడనివ్వని అమ్మకందారు దగ్గర కొనకూడదు. “ఇంజినుదేముందండీ, దింపి చేసేస్తాం, రేకు పోతే ఎక్కణ్ణుంచి తెత్తామండీ” అని మన గోదావరి షెడ్లలో మేస్త్రీలు అనే మాట నూటికి నూరుపాళ్లు నిజం.

కారు ఇన్నేళ్లూ ఏ ఊళ్లో ఉందన్నది కూడా అడగాలి. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది, ఉప్పు తగిలిన ఇనుము తొందరగా తుప్పుపడుతుంది. కాకినాడ తీరంలో ఆరుబయట ఉన్న కారుకీ, జగ్గంపేట మెట్టలో కప్పు కింద ఉన్న కారుకీ అడుగు రేకులో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. కోనసీమ బండ్లకి ఇంకో ప్రశ్న వేయాలి: 1986 ఆగస్టు గోదావరి వరదలో, 1996 నవంబరు తుపానులో ఎక్కడుంది? నీట మునిగిన కారు ఎన్ని ఏళ్లయినా ఆ ఆనవాళ్లు దాచుకోలేదు. డాష్‌బోర్డు వెనక్కి చెయ్యిపోనిచ్చి తడిమితే ఒండ్రు పొడి వేళ్లకి అంటుకుంటుంది. సీటు స్ప్రింగులు ఎర్రబడి ఉంటాయి. వైరింగు మొత్తం మార్చుకునే స్తోమత ఉంటేనే అలాంటి బండి జోలికి పోవాలి.

ఇంజిను పట్టేసిందని చెప్పి తక్కువకి ఇస్తుంటే బెదరక్కర్లేదు. ప్లగ్గులు విప్పి సిలిండర్లలో నూనె పోసి కొన్నాళ్లు వదిలేస్తే చాలాసార్లు కదులుతుంది. తిరిగే ఇంజినయితే కంప్రెషన్ గేజి పెట్టి నాలుగు సిలిండర్లూ చూడాలి. ఒకదాంట్లో తక్కువ వచ్చిందనుకోండి, చెంచాడు ఇంజినాయిలు పోసి మళ్లీ చూడండి. పెరిగితే లోపం రింగుల్లో ఉంది, రీబోరింగు ఖర్చుంటుంది. పెరగకపోతే ఎక్కువగా వాల్వుల్లో, హెడ్డు దింపితే సరిపోతుంది. బేరమాడేటప్పుడు ఈ చెంచాడు నూనె చాలా డబ్బు మిగులుస్తుంది.

నిజంగా ఏళ్ల తరబడి పని ఆపేసేవి ఇంజిన్లు కావు, చిన్న సామాన్లు. వెనక లైటు అద్దం, తలుపు పిడి, అద్దాల చుట్టూ రబ్బరు, గ్రిల్లు, పేరు చెక్కిన బిళ్ల. పిస్టను రింగులు ఆర్డరిచ్చి తెప్పించుకోవచ్చు, మార్క్ వన్ గ్రిల్లు అలా దొరకదు. అందుకని నడిచే అరకొర బండి కన్నా, నడవకపోయినా అన్ని భాగాలూ ఉన్న బండి మెరుగు.

హెరాల్డ్ సంగతి వేరు. దాన్ని గీసింది ఇటలీ డిజైనరు జొవాన్నీ మికెలొట్టి. దానికి విడిగా చాసిస్ ఉంటుంది, బాడీని బోల్టులు విప్పి ముక్కలుగా దింపొచ్చు. బానెట్‌ని ముందుకి వంచితే ముందు చక్రాలు సహా అంతా బయటికి కనిపిస్తుంది. ఇంటి దగ్గర తన చేత్తో తాను చేసుకోవాలనుకునేవాడికి దీన్ని మించిన పాఠశాల లేదు. ఇంగ్లండులో హెరాల్డ్‌కి రెండు తలుపులే, మన మద్రాసువాళ్లు మార్క్ త్రీకి నాలుగు తలుపులు పెట్టారు. అది ఇంకెక్కడా రాలేదు కాబట్టి ఆ తలుపులు లేని బండి కొనకూడదు.

జీపు? మహీంద్రావాళ్లు 1947 నుంచి విల్లీస్ జీపులు బిగించారు. రేకు పని తేలిక. దానికి అడ్డగోలు మార్పులు చేయని బండి దొరకడమే కష్టం.

మోరిస్‌ల కాలంనాటి బ్రిటిష్ కార్లలో బ్యాటరీ ప్లస్ తీగని బాడీకి కలిపేవారు. ఈనాటి పద్ధతికి ఇది తలకిందులు. చూసుకోకుండా కొత్త రేడియో బిగిస్తే కాలిపోతుంది.

పెట్రోలు విషయం కూడా చెప్పుకోవాలి. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం కలపని పెట్రోలే అమ్ముతున్నారు. పాత ఇంజిన్లలో వాల్వు కూర్చునే చోటు అరిగిపోకుండా ఆ సీసమే కాపాడేది. కాబట్టి హెడ్డు ఎలాగూ దింపినప్పుడు గట్టి వాల్వు సీట్లు వేయించుకోవడం తెలివైన పని. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది పాత రబ్బరు గొట్టాల్ని మెత్తబరుస్తుంది, గాలిలో తేమని పీల్చుకుంటుంది. మన డెల్టా తేమలో నెలల తరబడి ట్యాంకు నింపి ఉంచకూడదు. పెట్రోలు గొట్టాలు, కార్బొరేటరు గ్యాస్కెట్లు ఇథనాల్‌కి తట్టుకునేవి వేయించాలి.

పాత సీట్లలో స్ప్రింగుల మీద కొబ్బరి పీచు మెత్తలు వేసేవారు. ఫోము పెట్టించే ముందు కోనసీమని గుర్తు తెచ్చుకోండి. పీచుకి మనకి కొదవ లేదు, ఆనాటి సీటు బిగువూ అలాగే వస్తుంది.

ఇక కాగితాలు. సి-బుక్కు లేని కారుని ఎంత చవకగా ఇచ్చినా వద్దనుకోవడమే మంచిది. బుక్కు ఉంటే చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, అచ్చుని బుక్కులో నంబరుతో పోల్చాలి. ఇంధనం గడి కూడా చూడాలి. పెట్రోలు ఇంజిను తీసేసి డీజిల్ ఎక్కించిన అంబాసిడర్లు చాలా ఉన్నాయి. బుక్కులో పెట్రోలు, బానెట్ కింద డీజిల్ అయితే బ్రేకినస్పెక్టరు దగ్గర ఆగిపోతుంది. మామూలు బదిలీకి ఫారం 29, 30. యజమాని చనిపోయి ఉంటే వారసుల పేరుకి మార్చడానికి ఫారం 31. పాత కార్లలో ఎక్కువగా ఎదురయ్యేది ఈ చివరిదే, వారసులందరూ ఒప్పుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి. వేరే రాష్ట్రం బండయితే ఫారం 28తో అక్కడి నిరభ్యంతర పత్రం తేవాలి.

ప్రభుత్వ ఆఫీసుల వేలంలో అంబాసిడర్ కొనే రోజులు పోయాయి. 2023 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలు తుక్కు కేంద్రాలకే వెళ్లాలి.

2021 జులైలో కేంద్రం 50 ఏళ్లు దాటిన సొంత వాహనాలకి వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. కొత్తగా అయితే 20,000 రూపాయల రుసుము, పదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి 5,000. నంబరు ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య ఫివాకి 30 ఏళ్లు నిండితే చాలు, మన దగ్గర గీత ఇంకా ఎత్తుగా ఉంది. 1975 మార్క్ త్రీ 2025లో ఆ గీత దాటింది. 1983 డిసెంబరులో ఢిల్లీకి చెందిన హర్‌పాల్ సింగ్ తాళాలందుకున్న మొట్టమొదటి మారుతి 800 అయినా 2033 దాకా ఆగాల్సిందే. ఆ కారుని కంపెనీయే బాగుచేయించి తన కార్యాలయంలో పెట్టుకుంది.

వింటేజ్ కింద రావాలంటే చాసిస్, బాడీ, ఇంజిను అసలు రూపంలో ఉండాలి. ఎన్టీఆర్ 1982లో పాత షెవర్లే వ్యానుని చైతన్యరథంగా మార్చి రాష్ట్రమంతా తిరిగారు. తెలుగునాట అంత పేరు తెచ్చుకున్న పాత బండి ఇంకోటి లేదు. అయినా ఆ పద్ధతిలో బాడీ మార్చిన బండిని ఈ నిబంధన ఒప్పుకోదు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. అసలు రూపం నిలుపుకోవడమంటే ఏమిటో కళ్లారా చూడాలంటే దాని ముందు పావుగంట నిలబడాలి.

ఒక్కటి మరవొద్దు. వీఏ ప్లేటు బండిని ప్రదర్శనలకి, ర్యాలీలకి, మరమ్మతుకి, పెట్రోలు పోయించడానికి తీసుకెళ్లొచ్చు గాని రోజువారీ వాడకానికి కుదరదు. కుటుంబంతో అన్నవరం కొండకి, కాకినాడ బజారుకి తిరగడానికే కారు కావాలంటే, 15 ఏళ్ల తర్వాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చేయించి, గ్రీన్ ట్యాక్సు కట్టి, మామూలు రిజిస్ట్రేషన్‌నే పొడిగించుకోవాలి. ఆ రిజిస్ట్రేషన్ బతికున్న బండినే వెతికి కొనండి.