వేరుశనగలో అఫ్లాటాక్సిన్: కాలేయంపై దీర్ఘకాలిక ప్రభావం

ఉపోద్ఘాతం:

ఆహారంలో విషం అనగానే కల్తీ, పురుగుమందుల అవశేషాలు గుర్తుకు వస్తాయి. అవి మనిషి చేర్చినవి. ఎవరూ చేర్చకుండానే పంటలో పుట్టి, రుచికీ వాసనకూ అందకుండా శరీరంలో చేరే విషాలు కూడా ఉన్నాయి. వాటిలో మిక్కిలి ప్రమాదకరమైనది అఫ్లాటాక్సిన్. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్, ఆస్పర్జిల్లస్ పారాసిటికస్ అనే బూజు తెగలు దీనిని ఉత్పత్తి చేస్తాయి. వేరుశనగ, మొక్కజొన్న, మిరప వంటి పంటలు దీనికి ప్రధాన ఆశ్రయాలు. వర్షాధారంగా వేరుశనగ పండించే అనంతపురం వంటి మెట్ట ప్రాంతాలకు ఇది దూరపు విషయం కాదు.

గుర్తింపు:

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు కారణం తెలియకుండా చనిపోయాయి. వ్యాధి పేరు తెలియక దానిని ‘టర్కీ ఎక్స్ వ్యాధి’ అన్నారు. పరిశోధన చివరకు బ్రెజిల్ నుండి దిగుమతి అయిన వేరుశనగ చెక్క దగ్గర ఆగింది. అతినీలలోహిత కాంతిలో నీలిరంగుతో మెరిసే రకాలకు ‘బి’ అనీ, ఆకుపచ్చగా మెరిసే వాటికి ‘జి’ అనీ పేర్లు ఏర్పడ్డాయి. వీటన్నింటిలో బి1 అత్యంత విషపూరితం.

మనుషులపై దీని తీవ్రత భారతదేశంలోనే బయటపడింది. 1974 చివరి నెలలలో గుజరాత్, రాజస్థాన్ సరిహద్దు జిల్లాలైన పంచమహల్, బాన్స్‌వాడాల గిరిజన గ్రామాలలో కామెర్లు, పొట్టలో నీరు చేరడం వంటి లక్షణాలు వ్యాపించాయి. అకాల వర్షాలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న వారి ఆహారం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఆ మొక్కజొన్నలో అఫ్లాటాక్సిన్‌ను కనుగొన్నారు. నమోదైన 397 మంది రోగులలో 106 మంది మరణించారు. అదే తిండి తిన్న ఇంటి కుక్కలు కూడా అదే విధంగా జబ్బుపడ్డాయి.

స్వల్ప మోతాదు, దీర్ఘకాలం:

ఇటువంటి ఉపద్రవాలు అందరి దృష్టిలో పడతాయి. ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా తినడం వల్ల కలిగే హాని మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు. అసలు చర్చించవలసినది దీనినే.

శరీరంలో చేరిన బి1ను కాలేయంలోని ఎంజైములు రసాయనికంగా మారుస్తాయి. విషాలను వదిలించుకోవడానికి ఏర్పడిన ఆ వ్యవస్థే ఇక్కడ మరింత చురుకైన విషాన్ని తయారుచేయడం విచిత్రం. ఆ కొత్త పదార్థం డీఎన్ఏలోని గ్వానిన్‌ను అంటిపెట్టుకొంటుంది. కణాల అదుపులేని పెరుగుదలను నిరోధించే పి53 జన్యువులో, ముఖ్యంగా 249వ స్థానంలో, మార్పు రావడానికి ఇది దారితీస్తుంది. ఈ బూజువిషం ఎక్కువగా ఉన్న ప్రాంతాలలోని కాలేయ క్యాన్సర్ కణితులలో ఈ మార్పు తరచుగా కనిపించింది.

షాంఘైలో 18,000కు పైగా పురుషులపై జరిగిన అధ్యయనం మరొక కీలకాంశాన్ని తేల్చింది. మూత్రంలో అఫ్లాటాక్సిన్ ఆనవాళ్ళు మాత్రమే ఉన్నవారికి కాలేయ క్యాన్సర్ ముప్పు సుమారు 3 రెట్లు, హెపటైటిస్-బి మాత్రమే ఉన్నవారికి సుమారు 7 రెట్లు ఎక్కువగా ఉంది. రెండూ ఉన్నవారిలో అది దాదాపు 59 రెట్లు. కనుక హెపటైటిస్-బి టీకా పరోక్షంగా ఈ ఆహార విషం నుండి కూడా కాపు కాస్తుంది.

పొలం నుండి వంటింటికి:

వేరుశనగలో ఈ సమస్య గోదాములో మొదలవుతుందన్నది సగం నిజమే. కోతకు ముందు నాలుగైదు వారాలు వాన లేక నేల వేడెక్కితే, భూమిలోని కాయకే బూజు సోకుతుంది. కాయతొలుచు పురుగులు, పారతో పడిన గాట్లు దానికి దారి ఇస్తాయి. పీకిన చెట్లను కాయలు పైకి ఉండేలా తిరగేసి త్వరగా ఆరబెట్టాలి. పచ్చిగా కుప్ప వేసినా, ఒలవడం తేలిక కావడానికి కాయలపై నీళ్ళు చల్లినా బూజు విజృంభిస్తుంది.

ఒకసారి ఏర్పడిన విషాన్ని ఉడికించడం, వేయించడం పూర్తిగా నశింపజేయలేవు. నూనె తీసినప్పుడు దానిలో అధిక భాగం చెక్కలోనే నిలిచిపోతుంది. ఆ చెక్క పశువుల దాణా అవుతుంది. పాడిపశువు తిన్న బి1లో కొద్ది శాతం ఎం1 అనే రూపంలో పాలలోకి వస్తుంది. చెక్కకు వెళ్ళిన విషం ఆ విధంగా పాలగ్లాసులో ఇంటికి తిరిగి వస్తుంది.

ప్రమాణాలు ఎవరికి రక్షణ?

నేరుగా తినే వేరుశనగలో మొత్తం అఫ్లాటాక్సిన్ కిలోకు 4 మైక్రోగ్రాములు మించరాదని ఐరోపా సమాఖ్య నియమం. భారతదేశంలో పరిమితి దీనికంటే సడలింపుగా ఉంది. విషం సరుకంతటా సమానంగా ఉండదు. వేల గింజలలో ఏ కొన్నింటిలోనో అత్యధికంగా ఉంటుంది. ముడుచుకుపోయిన, రంగు మారిన, పగిలిన గింజలను ఏరివేస్తే విషంలో పెద్ద భాగం తొలగిపోవడానికి కారణం ఇదే. ఎగుమతి సరుకును ఈ విధంగానే శుద్ధి చేస్తారు.

అయితే ఏరిన గింజ ఏమవుతుంది? నాణ్యమైనది అమ్మకానికి పోగా మిగిలినది రైతు ఇంట పచ్చడికో, పొడికో వాడుకలోకి వస్తుంది. లేదా తక్కువ ధరకు గానుగకు చేరుతుంది. కొనుగోలుదారుకు ఉన్న పరీక్ష పండించినవారి వంటింటికి లేదు. పైగా ఏరిన గింజలలో విషం మరింత గాఢంగా ఉంటుంది. పారవేసిన గింజకు పరిహారమేమీ అందనప్పుడు దానిని వదులుకొనమని పేద కుటుంబానికి చెప్పడం తేలిక కాదు. చైనాలోని చీతుంగ్ ప్రాంతంలో 1980ల తరువాత మొక్కజొన్న స్థానంలో వరి అన్నం వచ్చింది. ప్రజల శరీరాలలో అఫ్లాటాక్సిన్ ఆనవాళ్ళు తగ్గాయి. హెపటైటిస్ టీకా పొందిన తరం వయసుకు రాకముందే అక్కడ కాలేయ క్యాన్సర్ మరణాలు తగ్గుముఖం పట్టాయి. అక్కడి కుటుంబాలకు కలుషిత ధాన్యం బదులు తినడానికి మరొకటి దొరికింది.