పొలముగట్టు పురుగులు: ఛాయాచిత్రములతో గ్రామ రిజిష్టరు

కర్నూలు, నంద్యాల, కడప జిల్లాలలో తొలకరి వానలు కురిసిన కొలది దినములకే బీడు భూములు పచ్చబడును. తంగేడు పొదలపై తెలుపు, లేత పసుపు రంగుల సీతాకోకచిలుకలు ఎగురును. జిల్లేడు చెట్ల చుట్టు నారింజ రంగు రెక్కలవి తొందర లేక తిరుగుచుండును. వంక ఒడ్డున తడిమట్టిపై మరికొన్ని గుంపుగా వ్రాలి లవణములు పీల్చుకొనును. ఏడాదికి సుమారు 600 నుండి 700 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే పడు ఈ మెట్టసీమలో ఇంతటి జీవసంపద యున్నది. దినమును కన్నులారా చూచుచున్నను, దీనిని లెక్క వ్రాసియుంచిన గ్రామములు అరుదు.

ఎండకాసిన వేళ పొలముగట్ల వెంట నడచి ఈ పురుగుల ఛాయాచిత్రములు తీయుట వినోదము మాత్రమే కాదు. పంచాయతీ చేపట్టదగిన కార్యము. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పాటు చేయవలెను. గ్రామ ప్రజలను సంప్రదించి ప్రజా జీవవైవిధ్య రిజిష్టరును తయారుచేయుట ఆ కమిటీ ముఖ్య కర్తవ్యమని 2004 నాటి నిబంధనలు నిర్ణయించినవి. చెట్టును, పశువును, పంట రకమును రిజిష్టరులో చేర్చుట సులభము. అవి చూచువాని కొరకు నిలిచియుండును. ఎగిరిపోవు పురుగును చేర్చుటకు ఛాయాచిత్రమే తగిన ఆధారము. నేడు అనేక గృహములలో కెమెరా గల సెల్‌ఫోను ఉన్నది గనుక ఇందుకు వేరు ఖర్చు లేదు.

మిత్రు లెవరు, శత్రువు లెవరు?

చేనిలో కనబడిన పురుగు లన్నియు పంటకు శత్రువులు కావు. అక్షింతల పురుగును రైతులందరు ఎరుగుదురు. అది పేనుబంకను తిని పైరును కాపాడును. కాని దాని పిల్లపురుగు తల్లివలె గుండ్రముగా నుండదు. నల్లగా, పొడవుగా, చిన్న మొసలి ఆకారములో నుండి ఆకులపై చురుకుగా ప్రాకును. ఇదియే పంటను తినుచున్నదని భ్రమించి మందు చల్లినచో, డబ్బు వ్యయమగుటయే గాక, పేనుబంకను తిను సేవకులు చచ్చిపోవుదురు. చల్లుటకు ముందు ఒక చిత్రము తీసి వ్యవసాయ సిబ్బందికి చూపినచో ఈ నష్టము తప్పును.

వేరుసెనగకు ఎర్ర గొంగళి పురుగు నిజమైన శత్రువు. దీని కోశములు వేసవి యంతయు నేలలో దాగియుండి, మొదటి మంచి వానలు పడిన కొలది దినములకు రెక్కల పురుగులై వెలుపలికి వచ్చును. తెల్లని రెక్కలపై గోధుమ రంగు చారలు, ముందు రెక్క అంచున పసుపు గీత వీని గుర్తులు. ఇవి గ్రుడ్లను వందలకొలదిగా గుంపులు గుంపులుగా పెట్టును. గొంగళ్లు ఎదిగిన తరువాత చేను నుండి చేనికి దండుగా సాగును గనుక ఒక్క రైతు ప్రయత్నము చాలదు. గ్రామములో మొదటి రెక్కల పురుగు కనబడిన నాడే దాని చిత్రమును అందరికి పంపినచో, రాత్రివేళ దీపపు ఎరలు, మంటలు పెట్టు పనిని ఊరంతయు ఒకేసారి చేయవచ్చును. ఇట్టి సమష్టి కార్యమునకు పంచాయతీయే ముందు నిలువవలెను.

సీతాకోకచిలుకలలోను భేదములు గలవు. చీనీ, నిమ్మ తోటలలో తిరుగు నలుపు, పసుపు మచ్చల సీతాకోకచిలుక గొంగళి లేత ఆకులను తినివేయును. చిన్న దశలో అది పక్షి రెట్టవలె, పెద్దదైన పిదప పచ్చగా నుండును. లేత మొక్కలపై దీనిని గుర్తించి చేతితో ఏరివేయుట మేలు. జిల్లేడును ఆశ్రయించునది ఏ పంటకు హాని చేయదు. దాని గొంగళి జిల్లేడు పాలలోని విషమును ఒంట పట్టించుకొనును. అందువలన పక్షులు దానిని ముట్టవు. ఈ రక్షణను చూచి కాబోలు, విషము లేని మరియొక జాతిలో ఆడది అదే రంగును దాల్చియున్నది. వెనుక రెక్క నడుమ మూడు నాలుగు నల్లని చుక్కలున్నచో మొదటిది. ఆ చుక్కలు లేక, పై అంచు వద్ద ఒక్కటే మచ్చయున్నచో రెండవది. ఎగురునప్పుడు ఈ తేడా కంటికి అందదు; చిత్రములో స్పష్టముగా తెలియును.

పొద్దుతిరుగుడు వంటి పంటలలో గింజ కట్టుటకు తేనెటీగలు తోడ్పడును. పూత సమయములో ఏ ఈగ ఎన్ని గంటలకు వచ్చుచున్నదో చిత్రములతో గుర్తించినచో, అవి తిరుగు వేళ మందు చల్లరాదని రైతులకు నచ్చజెప్పుట సులభమగును.

చిత్రము తీయు విధానము

సీతాకోకచిలుకకు స్వంత వేడి చాలదు. ఉదయము ఎండలో రెక్కలు విప్పి కాచుకొన్న పిదపనే బాగుగా ఎగురగలదు. కావున ఎండ పొడిచిన తరువాత మొదటి రెండు గంటలు చిత్రమునకు అనుకూలము. మధ్యాహ్నమున అది నిలకడగా నుండదు.

సూర్యుడు మన వెనుక ప్రక్కగా ఉండవలెను. కాని మన నీడ పురుగుపై పడరాదు. నీడ పడినంతనే అది లేచిపోవును. వంగి, మెల్లగా, ఆగి ఆగి దగ్గరకు చేరవలెను. దూరము నుండి ఫోనులో పెద్దది చేసి తీయుటకంటె, దగ్గరకు పోయి తీసిన చిత్రము స్పష్టముగా నుండును. రెక్కల పైభాగము ఒకటి, అడుగుభాగము ఒకటి, వ్రాలిన మొక్క ఒకటి, ఇట్లు కనీసము మూడు చిత్రములు కావలెను. చిన్న పురుగు ప్రక్కన ఒక నాణెమును ఉంచినచో పరిమాణము తెలియును. పురుగును పట్టుట, రెక్కలు త్రుంచుట, సూది గ్రుచ్చుట తగదు.

ప్రతి చిత్రమునకు తేదీ, వేళ, స్థలము, మొక్క పేరు, పురుగు చేయుచున్న పని వ్రాయవలెను. గ్రామములో వాడుక పేరున్నచో అదియు చేర్చవలెను. ఆరుద్ర కార్తెలో ఎర్రని మఖమలువలె నేలపై ప్రాకు ఆరుద్ర పురుగు పేరులోనే అది కనబడు కాలము ఇమిడియున్నది. దానికి కాళ్లు ఎనిమిది గనుక శాస్త్రరీత్యా అది కీటకము కాదు. అయినను రిజిష్టరులో దానికిని చోటుండవలెను.

నల్లమల చెప్పు పాఠము

ముదురు నీలి రంగుతో మెరయు ఒక సాలీడును 1899 లో పోకాక్ అను శాస్త్రజ్ఞుడు గుత్తిలో దొరికిన దానినిబట్టి లోకమునకు తెలిపెను. తరువాత శతాబ్ద కాలము దాని జాడ లేదు. 2001 లో నంద్యాల, గిద్దలూరుల నడుమ అడవిలో అది మరల కనబడెను. దాని అందమే దానికి ముప్పు తెచ్చినది. విదేశములలో దీనిని పెంపుడు జీవిగా అమ్ముదురు. కావున అరుదైన జీవి చిత్రమును అందరికి చూపవచ్చును గాని, అది యున్న చెట్టును, తావును బహిరంగపరచరాదు. అభయారణ్యములలో అటవీశాఖ అనుమతి లేక ప్రవేశింపరాదు.

కడప జిల్లాలోని లంకమల ప్రాంతమున 1986 లో మరల కనబడిన కలివికోడికి చెదలు, చీమలే ముఖ్యాహారము. అల్పమైన పురుగును ఉపేక్షించినచో అపురూపమైన పక్షికి ఆకలి తప్పదు.

పంచాయతీ చేయదగిన పని

బ్రిటనులో 1976 నుండి సామాన్య ప్రజలు ఏర్పరచుకొన్న ఒకే దారిలో వారమువారము నడచి సీతాకోకచిలుకలను లెక్కించుచున్నారు. ఏ జాతి పెరిగినదో, ఏది తగ్గినదో ఆ లెక్కలే చెప్పుచున్నవి. మన గ్రామములలోను చెరువుకట్ట నుండి చేనిగట్టు వరకు ఒక దారిని నిర్ణయించి, పాఠశాల బాలబాలికలను, యువకులను, స్వయంసహాయక సంఘముల స్త్రీలను వారమున కొకసారి పంపవచ్చును. పురుగుల గుర్తింపునకు నంద్యాలలో 1906 లో నెలకొన్న వ్యవసాయ పరిశోధన స్థానము, కడప వద్ద ఊటుకూరులోను, బనగానపల్లె వద్ద యాగంటిపల్లెలోను ఉన్న కృషి విజ్ఞాన కేంద్రముల సలహా కోరవచ్చును. నెలకొకసారి ఆ చిత్రములను పంచాయతీ సమావేశములో పరిశీలించి, పేరు తేలినవానిని రిజిష్టరులో చేర్చవలెను.

ఈ తొలకరికి ఒక్క పుటతో ఆరంభించినను చాలును. పది సంవత్సరముల పిదప, మన గట్లపై ఏమి మిగిలినదో, ఏమి పోయినదో మన బిడ్డలకు ఆ పుటయే తెలుపగలదు.