క్లిక్ కంటే ముందు ఒక మాట

ఆగస్టు, జనవరి నెలలు దగ్గరపడితే చాలు, మన డెల్టా ఊళ్లలో సూట్‌కేసులు బరువెక్కుతుంటాయి. ఎమ్మెస్‌కి వెళ్లే పిల్లల సామాన్లలో పచ్చళ్లు, పొడులు, కుక్కర్‌తో పాటు మంచి కెమెరా ఉన్న ఫోనూ ఉంటోంది. కొందరు అప్పు చేసి మిర్రర్‌లెస్ కెమెరాయే కొంటున్నారు. అక్కడి సంతలో పూలమ్మే పెద్దావిడ, మెట్రో స్టేషన్లో వయొలిన్ వాయించే కుర్రాడు... ఇలాంటి పోర్ట్రెయిట్లు తీస్తే ఇన్‌స్టాగ్రామ్‌లో ఫాలోవర్లు వస్తారు, కుదిరితే నాలుగు డాలర్లూ వస్తాయి అన్నది ఆలోచన.

ఆలోచన మంచిదే. కానీ ముక్కూ మొహం తెలియని మనిషి ముందు నిలబడి ‘మీ ఫోటో తీసుకోవచ్చా?’ అని అడగడం ఏ యూట్యూబ్ వీడియో చూసినా రాదు. అది అలవాటు మీద రావాల్సిందే. తెలుగులోనే అడగలేనివాళ్లం పరాయి దేశంలో పరాయి భాషలో ఏం అడుగుతాం? కాబట్టి వీసా స్లాట్ కోసం ఎదురుచూసే ఈ రోజుల్లోనే మొదలుపెట్టండి. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టూ కావాల్సినన్ని మొహాలున్నాయి.

తెనాలిలో ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేసే శిల్పులున్నారు. పనిలో ఉన్న మనిషిని పని గురించి అడిగితే మాట దానంతటదే వస్తుంది. ‘ఈ తల దేనితో చేశారు బాబాయ్?’ అంటే చాలు, బోల్టులు, గేర్లు, చెయిన్లు అన్నీ చూపిస్తారు. పది నిమిషాలు విన్నాక కెమెరా బయటకు తీస్తే ఎవరూ బిగుసుకుపోరు. రేపల్లె దాటి నిజాంపట్నం హార్బర్‌కు వెళ్తే లెక్క వేరు. బోటు ఒడ్డుకు చేరాక అందరూ హడావిడిలో ఉంటారు, అప్పుడు అడ్డం పడితే తిట్లు తప్పవు. చేపల వేలం అయ్యాక, టీ తాగేటప్పుడు వెళ్లండి. ‘మామ్మా, ఒక ఫోటో తీసుకోనా?’ అంటే ‘నా మొహంలో ఏముందిరా అయ్యా’ అనే జవాబు రావచ్చు. అది వద్దనడమో సిగ్గుపడటమో మొహం చూస్తే తెలుస్తుంది. తెలియకపోతే వద్దన్నట్టే అనుకోండి. బాపట్ల పక్కన సూర్యలంక బీచ్‌లో ఇంకో జాగ్రత్త ఉంది. అక్కడ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉంది, అటువైపు కెమెరా తిప్పొద్దు.

‘అడిగితే సహజంగా రాదు, దూరం నుంచి జూమ్ చేసి తీస్తేనే బాగుంటుంది’ అనే వాదన ఒకటుంది. నాకైతే అది దొంగచూపులాగే ఉంటుంది. అడిగి, మొదటి నాలుగైదు ఫోటోలు పోనిచ్చి, మాటల్లో పెట్టి తీసే ఆరోదాంట్లో సహజత్వం ఎలాగూ వస్తుంది.

ఇక ఫోన్ సంగతి. మెయిన్ కెమెరా వైడ్ లెన్సు. దాంతో మొహమంతా నిండేలా తీయాలంటే మరీ దగ్గరికెళ్లాలి, అప్పుడు ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. 2ఎక్స్‌లో పెట్టి రెండడుగులు వెనక్కి జరగండి. బ్యూటీ మోడ్ ఆపేయండి. అరవై ఏళ్లు ఎండలో పనిచేసిన మొహం మీది ముడతల్ని సాఫ్ట్‌వేర్ చెరిపేస్తే ఇక తీసి ఏం లాభం? బీచ్‌లో వెనక ఆకాశం వెలుగుకు మొహం నల్లగా పడుతుంది. మొహం మీద వేలితో నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో వెలుతురు లాకవుతుంది. మధ్యాహ్నమైతే చెట్టు నీడకో, వరండాలోకో రమ్మనండి. పోస్ట్ చేసేముందు ఫోటోలో దాగి ఉండే లొకేషన్ వివరాలు తీసేయండి. ముఖ్యంగా ఎవరినైనా ఇంటి దగ్గర తీసినప్పుడు.

పేరు అడగని ఫోటో

1936లో అమెరికాలోని కాలిఫోర్నియాలో డొరోథియా లాంగే అనే ఫోటోగ్రాఫర్ ప్రభుత్వ సంస్థ కోసం పనిచేస్తూ బఠాణీ కోత కూలీల శిబిరంలో ఒక తల్లిని, పిల్లల్ని ఫోటో తీశారు. ‘మైగ్రంట్ మదర్’గా అది ప్రపంచమంతా తిరిగింది. కానీ లాంగే ఆవిడ పేరు అడగలేదు. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో, నలభై ఏళ్లు దాటాక. ఆ ఫోటో వల్ల తనకు పైసా రాలేదనీ, అసలు తీయకుండా ఉంటే బాగుండేదనీ ఆమె వాపోయారు. తీసినావిడ ఉద్దేశం మంచిదే, ఆ ఫోటో వల్ల శిబిరానికి తిండి కూడా అందింది. అయినా ఫోటోలో ఉన్న మనిషికి మిగిలింది ఆ బాధే. పోర్ట్‌ఫోలియో తయారుచేసుకునేవాళ్లు ప్రతి ఫోటో కింద పేరు, ఊరు, తేదీ రాసుకోవడం అలవాటు చేసుకోవాలి. పేరు వెయ్యొద్దంటే వెయ్యకండి, కానీ అడగడం మానకండి.

దేశం మారితే చట్టం మారుతుంది

అమెరికాలో బహిరంగ స్థలంలో కనిపించే మనిషిని సాధారణంగా అడగకుండానే తీయొచ్చు. ప్రకటనకు వాడాలంటే మాత్రం అనుమతి కావాలి. పక్కనే కెనడాలోని క్యూబెక్‌లో పరిస్థితి వేరు. మాంట్రియల్‌లో మెట్ల మీద కూర్చున్న 17 ఏళ్ల అమ్మాయి ఫోటోను అడగకుండా ఒక పత్రిక వేస్తే, 1998లో కెనడా సుప్రీంకోర్టు ఆమెకు 2,000 డాలర్ల పరిహారం ఖాయం చేసింది. జర్మనీలో మనిషి బొమ్మను ప్రచురించడానికి అతని అనుమతి ఉండాలని 1907 నుంచే చట్టముంది. 1898లో బిస్మార్క్ చనిపోయిన గదిలోకి ఇద్దరు ఫోటోగ్రాఫర్లు దొంగతనంగా దూరి శవాన్ని ఫోటో తీయడమే దానికి దారితీసింది. దుబాయ్ వెళ్లేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. యూఏఈ సైబర్ నేరాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఇతరుల ఫోటోలు తీసి పెడితే జైలు, భారీ జరిమానా రెండూ పడొచ్చు. ఏ దేశమైనా సరే, పిల్లల ఫోటో అంటే అమ్మానాన్నల్ని అడగాల్సిందే.

డబ్బు సంగతి

షటర్‌స్టాక్, గెట్టీ లాంటి సంస్థలకు ఫోటోలు అమ్మాలంటే, మొహం గుర్తుపట్టేలా ఉన్న ప్రతి మనిషి నుంచీ మోడల్ రిలీజ్ అనే సంతకం చేసిన అనుమతి పత్రం కావాలి. అది లేకపోతే ఫోటో వార్తలు, వ్యాసాల వాడకానికే పరిమితం, ప్రకటనలకు పనికిరాదు. మన ఊళ్లో తీసినప్పుడైతే ఆ పత్రాన్ని తెలుగులో చదివి వినిపించి, ‘మీ బొమ్మ ఎక్కడో సబ్బు ప్రకటనలో కూడా రావచ్చు’ అని విడమరిచి చెప్పాకే సంతకం తీసుకోండి. చాలామంది ఈ మాట మింగేస్తారు.

ఇంకో ముఖ్యమైన విషయం. అమెరికాలో ఎఫ్-1 వీసా మీద చదివేవాళ్లు అనుమతి లేని పని చేస్తే స్టేటస్‌కే ఎసరు. ఫోటోలు అమ్మడం, డబ్బులు తీసుకుని షూట్ చేయడం ఆ కిందికి వస్తాయో రావో యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో ముందే అడగండి. బ్రిటన్ స్టూడెంట్ వీసాలో స్వయం ఉపాధికి వీల్లేదు. ఫ్రెండ్ పెళ్లికి డబ్బులు తీసుకుని ఫోటోలు తీయడమూ అందులోకే రావచ్చు.

ఇదే వృత్తిగా ఎంచుకోవాలనుకుంటే హైదరాబాద్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో ఫోటోగ్రఫీలో బీఎఫ్ఏ ఉంది. డిగ్రీ అయినవాళ్లు గాంధీనగర్ ఎన్ఐడీలో ఫోటోగ్రఫీ డిజైన్‌లో ఎం.డిజైన్ చూడొచ్చు. ఇంజినీరింగ్ చదివినవాళ్లూ ప్రయత్నించొచ్చు. ప్రవేశ పరీక్ష వివరాలు ఆయా వెబ్‌సైట్లలోనే చూసుకోండి, కన్సల్టెన్సీల మాట నమ్మొద్దు.

ఈ ఆదివారం తీసిన ఫోటోల్లో బాగా వచ్చినవాటిని ఊళ్లో స్టూడియోలో చిన్న ప్రింట్లు వేయించండి. వచ్చే ఆదివారం అదే హార్బర్‌కు, అదే శిల్పశాలకు వెళ్లి వాళ్ల చేతికివ్వండి. రెండోసారి తీసే ఫోటోలు మొదటివాటికంటే చాలా బాగుంటాయి, ఎందుకంటే ఈసారి వాళ్లే ‘ఇటు రా, ఈ వెలుతుర్లో తియ్యి’ అంటారు.