అంబాసిడర్‌కు లావు టైరు లాభమా?

మన పల్లెల్లో అంబాసిడర్ కారు ఇంకా అక్కడక్కడా కనిపిస్తూనే ఉంది. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 1950లలో తయారీ మొదలై 2014లో ఆగిపోయిన బండి ఇది. పెళ్ళివారిని, పురిటి మనిషిని, ఎరువుల బస్తాలను ఒకే తీరున మోసింది కనుక అమ్మడానికి మనసొప్పని వారు ఉన్నారు. చిక్కు వచ్చేది టైర్లు మార్చేటపుడే.

ఈ కారుకు మొదట ఇచ్చిన టైరు సైజు 5.90-15. అంటే టైరు వెడల్పు సుమారు 5.90 అంగుళాలు, రిమ్ము వ్యాసం 15 అంగుళాలు. ఆ పాత రకం నైలాన్ టైరు ఇపుడు అడిగిన ప్రతి దుకాణంలోనూ దొరకదు. దానితో "15 సైజే కదా" అని చేతికందిన రేడియల్ టైరు వేయించేస్తున్నారు. లావుగా ఉంటే బండి నిండుగా కనబడుతుందన్న సరదా ఒకటి. 15 కలిస్తే చాలదు, రిమ్ము వెడల్పు కూడా కలవాలి. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వేసే కమ్మరి ముందు కొలత తీయకుండా కొలిమి రాజేయడు గదా!

ఇరుకు రిమ్ముకు లావు టైరు ఎక్కిస్తే దాని రెండు అంచులూ దగ్గరకు నొక్కుకుపోతాయి. నేలకానే భాగం మధ్యలో ఉబ్బి, అక్కడే త్వరగా అరుగుతుంది. పక్కలు ఎక్కువగా వంగి లేస్తూ వేడెక్కుతాయి. మలుపులో బండి ఊగుతుంది. ఆరుగురిని ఎక్కించుకుని ఎండలో పోయే కారుకు ఇది ప్రమాదమే. స్టీరింగు పూర్తిగా తిప్పినపుడు టైరు లోపల రాసుకోవచ్చు కూడా. వెడల్పు రిమ్ముకు సన్న టైరు వేస్తే పక్కలు బిగుసుకుని, గుంటలో పడితే దెబ్బ నేరుగా రిమ్ముకే తగులుతుంది.

రిమ్ము వెడల్పు తెలుసుకోవడం కష్టమేమీ కాదు. 4జె, 4½జె వంటి అచ్చు ఉంటుంది. తుప్పులో కనబడకపోతే టైరు విప్పించి టేపుతో కొలవాలి. అంచు పెదవులను కలపకుండా, టైరు ఆనే లోపలి ముఖం నుంచి లోపలి ముఖానికే కొలత తీయాలి. ఇక్కడే చాలామంది పొరబడి అంగుళం ఎక్కువ చెబుతారు.

165/80 ఆర్ 15 టైరుకు 4 నుంచి 5½ అంగుళాల రిమ్ము సరిపోతుంది. 175/80 ఆర్ 15కు కనీసం 4½ ఉండాలి. 205/70 ఆర్ 15 అయితే 5కు తగ్గకూడదు. కనుక 4 అంగుళాల రిమ్ము ఉన్నవారు 165తో ఆగడం మంచిది. పాత రిమ్ములకు ట్యూబు తప్పనిసరి. అదీ రేడియల్‌కు పనికివచ్చేదే అడిగి తీసుకోవాలి. బోల్టు రంధ్రాల చుట్టూ పగుళ్ళున్న రిమ్మును వెల్డింగుతో సరిపెట్టకుండా మార్చివేయాలి.

డబ్బు చాలక రెండే రేడియల్ టైర్లు కొంటే రెండూ వెనుకకే వేయాలి. ముందు రేడియల్, వెనుక నైలాన్ పెడితే మలుపులో వెనుక భాగం జారిపోతుంది. ఒకే ఇరుసుకు ఒకటి అది, ఒకటి ఇది అసలే కూడదు. నాలుగూ మార్చినవారు స్టెపినీని మరచిపోతుంటారు. దారిలో పంక్చరయితే ఎక్కేది ఆ పాత నైలాన్ టైరే కనుక అయిదోదీ అదే రకం, అదే సైజు తీసుకోవాలి.